ఒక టెలిఫోన్ కంపెనీ కథ: పత్రికలు, విదేశాంగ విధానం, మన గోప్యత

మిత్రులారా, నమస్కారం.

మీడియా, విదేశాంగ విధానం, పెట్టుబడిదారీ వ్యవస్థ, ఇంటర్నెట్‌లో గోప్యత అనే నాలుగింటి విషయంలో వామపక్షం వ్యక్తం చేసే సందేహాలు ఎంతవరకు సబబో మాట్లాడమని నిర్వాహకులు కోరారు. వీటిని నాలుగు వేర్వేరు ఫిర్యాదులుగా విప్పుకుంటూ పోతే ఏ ఒక్కటీ చివరిదాకా సాగదు. పత్రికల మీద ఫిర్యాదు చేస్తే మంచి పత్రిక చూసి చదవమంటారు, నిఘా మీద ఫిర్యాదు చేస్తే ఫోన్‌లో సెట్టింగులు మార్చుకోమంటారు, యుద్ధాల మీద ఫిర్యాదు చేస్తే వచ్చే ఎన్నికల దాకా ఆగమంటారు. ఈ నాలుగూ ఒకే ఏర్పాటులో భాగాలని, ఒకదాని జవాబుదారీతనం గురించి అడిగితే మిగతా మూడూ అడ్డు నిలుస్తాయని నా నమ్మకం. దీన్ని సిద్ధాంతంగా చెప్పడం కంటే ఒక కంపెనీ చరిత్రలో చూపించడం మేలు. ఆ కంపెనీ పేరు ఇంటర్నేషనల్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్, పొట్టిగా ఐటీటీ. నేను చెప్పబోయే వివరాల్లో ఎక్కువ భాగం అమెరికా సెనేట్ విచారణల్లోనూ, ఆ దేశ ప్రభుత్వమే తర్వాతి కాలంలో బయటపెట్టిన పత్రాల్లోనూ ఉన్నవే.

ఐటీటీ 1920లో మొదలైంది. విదేశాల్లో టెలిఫోన్ వ్యవస్థలను కొని నడపడం దాని అసలు వ్యాపారం. 1959 నుంచి 1977 దాకా దాన్ని నడిపిన హెరాల్డ్ జెనీన్ హయాంలో అది అద్దె కార్లు, హోటళ్లు, రొట్టెల ఫ్యాక్టరీలు, బీమా కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటిగా కొనుక్కుంటూ పోయి, ప్రపంచంలోని అతిపెద్ద కంపెనీల వరుసలో చేరింది. సముద్రాలు దాటి వెళ్లే టెలిగ్రాములను చేరవేసే వ్యాపారం కూడా దానికి ఉండేది. మన కథ ఈ టెలిగ్రాములతోనే మొదలవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దేశం దాటే తంతి సందేశాలను అమెరికా ప్రభుత్వం సెన్సార్ చేసేది. అప్పుడు దానికి చట్టం అండ ఉంది. యుద్ధం ముగియడంతో ఆ అండ పోయింది, అలవాటు మాత్రం పోలేదు. 1945 ఆగస్టులో సైన్యానికి చెందిన సంకేత నిఘా విభాగం అధికారులు ఆర్‌సీఏ, వెస్టర్న్ యూనియన్, ఐటీటీ కంపెనీల దగ్గరకు వెళ్లి, విదేశీ సందేశాల ప్రతులు తమకు ఇస్తూ ఉండాలని కోరారు. ఇది చట్టవిరుద్ధమని కంపెనీల న్యాయవాదులు హెచ్చరించారు. అయినా కంపెనీలు ఒప్పుకున్నాయి, తమపై కేసులు రాకుండా చూస్తామని హామీ ఇమ్మని మాత్రం అడిగాయి. 1947లో రక్షణ మంత్రి జేమ్స్ ఫారెస్టల్ వారిని పిలిచి ఆ హామీ ఇచ్చారు. ఈ కార్యక్రమానికి షామ్‌రాక్ అని గుప్తనామం పెట్టారు.

ఇది ఎలా నడిచిందో కాస్త దగ్గరగా చూడండి. మొదట్లో కాగితపు టేపులు, మైక్రోఫిల్ములు, 1960ల నుంచి కంప్యూటర్ల అయస్కాంత టేపులు న్యూయార్క్ ఆఫీసుల నుంచి ఒక మనిషి చేతి మీదుగా జాతీయ భద్రతా సంస్థ ప్రధాన కార్యాలయానికి, అంటే ఎన్ఎస్ఏకు, వెళ్లేవి. అక్కడ నకళ్లు తీసుకుని టేపులను తిరిగి కంపెనీకి పంపేసేవారు. ఏ జడ్జీ సంతకమూ లేదు, ఏ వారంటూ లేదు. చివరి రెండు మూడేళ్లలో విశ్లేషకులు నెలకు సుమారు 1,50,000 సందేశాలను చదివారని సెనేట్ కమిటీ తేల్చింది. తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడిగిన టెలిగ్రామూ, సరుకు ఓడ ఎప్పుడు చేరుతుందని అడిగిన టెలిగ్రామూ అన్నీ ఆ టేపుల్లోనే ఉండేవి. ఇది 1975 మేలో ఆగింది. నిండా 30 ఏళ్లు నడిచింది.

నిఘా గురించి మాట్లాడినప్పుడల్లా, తప్పు చేయనివాడికి భయమెందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఇలా పట్టిన సందేశాల్లోంచి ప్రత్యేకంగా ఏరవలసిన మనుషుల జాబితా ఒకటి ఉండేది. 1967 నుంచి 1973 దాకా అందులో సుమారు 1,650 మంది అమెరికన్ల పేర్లు చేరాయి. వారిలో కొందరెవరో 2013లో బయటపడింది: మార్టిన్ లూథర్ కింగ్, వియత్నాం యుద్ధానికి వెళ్లనని తెగేసి చెప్పిన బాక్సర్ మహమ్మద్ అలీ, న్యూయార్క్ టైమ్స్ కాలమిస్టు టామ్ విక్కర్, సెనేటర్ ఫ్రాంక్ చర్చ్. వీరు చేసిన తప్పేమిటి? యుద్ధాన్ని, జాతి వివక్షను ప్రశ్నించారు. 1975లో ఈ నిఘా సంస్థల మీద విచారణ జరిపిన సెనేట్ కమిటీకి అధ్యక్షుడు ఈ ఫ్రాంక్ చర్చే. ఆ జాబితాలో తన పేరు కూడా ఉందని లోకానికి తెలిసేనాటికి ఆయన చనిపోయి దాదాపు 30 ఏళ్లు గడిచాయి. గోప్యత ఎవరికి కావాలన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు నాకు తెలియదు. అధికారాన్ని ప్రశ్నించేవారికి అది ముందుగా కావాలి. వారికి లేకుండా పోతే మిగతావారి తరఫున ప్రశ్నించేవారు మిగలరు.

ఇక పత్రికల సంగతి. 1965 చివర్లో ఐటీటీ, అమెరికాలోని మూడు పెద్ద ప్రసార సంస్థల్లో ఒకటైన ఏబీసీని కొనడానికి ఒప్పందం కుదుర్చుకుంది. సమాచార ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ 1966లో ఒకసారి, 1967లో మరోసారి 4-3 ఓట్లతో దీనికి ఆమోదం తెలిపింది. వ్యతిరేకించిన ముగ్గురిలో నికొలస్ జాన్సన్ అనే యువ కమిషనర్ ఒకరు. పదుల కొద్దీ దేశాల్లో ఆస్తులున్న కంపెనీ చేతిలో వార్తా విభాగం ఉంటే, ఆ దేశాల గురించిన వార్తలు యజమాని ప్రయోజనాన్ని దాటి ఎలా వస్తాయన్నది ఆయన ప్రశ్న. యజమాని ఫోన్ చేసి వార్త ఆపించనక్కర్లేదని, తనను పోషిస్తున్నది ఎవరో తెలిసిన సంపాదకుడు తనంతట తానే వెనక్కి తగ్గుతాడని ఆయన వాదన.

అయితే ఐటీటీ ఫోన్లు కూడా చేసింది. ఈ కొనుగోలు మీద వార్తలు రాస్తున్న విలేకరుల మీద కంపెనీ ప్రజాసంబంధాల అధికారులు ఎలా ఒత్తిడి తెచ్చారో 1967 విచారణలో విలేకరులే సాక్ష్యం చెప్పారు. నువ్వు రాసేదాని వల్ల వాటాదారులు నష్టపోతే నీకు బాధ్యత ఉండదా అని న్యూయార్క్ టైమ్స్ విలేకరిని ఒక అధికారి నిలదీశాడు. నిజం తెలుసుకుని అచ్చువేయడమే తన బాధ్యత అని ఆమె బదులిచ్చింది. న్యాయశాఖ కోర్టుకు వెళ్లడంతో వ్యవహారం ఎటూ తేలక, 1968 జనవరి 1న ఐటీటీ తనంతట తానే ఒప్పందం వదులుకుంది. విలేకరి పని వాటాదారుల కోసమా, పాఠకుల కోసమా అన్న ప్రశ్నను అంత బాహాటంగా అడిగిన సందర్భాలు అరుదు. ఏ మీడియా కంపెనీలో చూసినా ఆ ప్రశ్నే రోజూ, నోరు తెరవకుండానే, అందరినీ అడుగుతూ ఉంటుంది.

ఆ తర్వాత రెండేళ్లకే చిలీ వార్తలు మొదలయ్యాయి. అప్పుడు ఏబీసీ ఐటీటీ చేతిలో ఉండి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవడానికి ఇప్పుడు చెప్పబోయేది వినండి.

చిలీ టెలిఫోన్ కంపెనీలో 70 శాతం వాటా ఐటీటీదే. 1970 సెప్టెంబరు 4న జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టు సాల్వడార్ అయెండే అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. రాగి గనులను, కీలకమైన పరిశ్రమలను జాతీయం చేస్తానని ఆయన ప్రచారంలో దాపరికం లేకుండా చెప్పారు. ఎన్నికకు ముందే జెనీన్ సీఐఏ అధికారిని కలిసి, అయెండే ప్రత్యర్థి కోసం డబ్బు ఇస్తానన్నారు. సీఐఏ స్వయంగా ఆ డబ్బు పుచ్చుకోలేదు గానీ ఎవరి ద్వారా పంపితే క్షేమంగా చేరుతుందో సలహా ఇచ్చింది. ఐటీటీ దాదాపు 3,50,000 డాలర్లు పంపింది. అయెండే గెలిచాక, ఆయన పదవి చేపట్టకుండా ఆపే పథకానికి 10 లక్షల డాలర్ల దాకా ఇవ్వడానికి కంపెనీ సిద్ధమైంది. ఆ ప్రతిపాదనను ప్రభుత్వం దగ్గరకు తీసుకెళ్లిన జాన్ మెకోన్ అప్పటికి ఐటీటీ డైరెక్టరు. అంతకుముందు ఆయన సీఐఏకే డైరెక్టరు. ఒకే మనిషి రెండు కుర్చీల్లో కూర్చున్న చోట, కంపెనీ ప్రయోజనం ఎక్కడ ఆగి దేశ ప్రయోజనం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించగలవారు ఎవరు?

సెప్టెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్, అయెండేను అడ్డుకోమని సీఐఏ డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్‌కు ఆదేశమిచ్చారు. ఆ సమావేశంలో హెల్మ్స్ చేత్తో రాసుకున్న నోట్స్ దొరికాయి. ఆర్థిక వ్యవస్థ కేకలు పెట్టేలా చేయాలన్న మాట అందులో ఉంది. ఆర్థిక వ్యవస్థ అంటే బియ్యం, రొట్టె, మందులు, బస్సు విడిభాగాలు. కేకలు పెట్టేది అంకెలు కాదు, మనుషులు.

అదే రోజు ఉదయం వాషింగ్టన్‌లో మరో సమావేశం జరిగింది. చిలీలో అతి పలుకుబడి గల దినపత్రిక ఎల్ మెర్కురియో యజమాని అగస్టిన్ ఎడ్వర్డ్స్, నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్‌ను కలిసి మాట్లాడారు. తర్వాత హెల్మ్స్‌తోనూ మాట్లాడారు. 1971, 1972 సంవత్సరాల్లో సీఐఏ ఆ పత్రికకు 15 లక్షల డాలర్లకు పైగా చేరవేసింది. 1972 మార్చిలో జాక్ ఆండర్సన్ అనే కాలమిస్టు ఐటీటీ లోపలి మెమోలను బయటపెట్టేదాకా అమెరికా ప్రజలకు ఇందులో ఒక్క ముక్కా తెలియదు. ఆ ఏడాది డిసెంబరు 4న అయెండే ఐక్యరాజ్యసమితి వేదిక మీద నిలబడి, తన దేశంలో అంతర్యుద్ధం రగల్చడానికి చూసిన కంపెనీగా ఐటీటీ పేరును ప్రపంచానికి చెప్పారు. తొమ్మిది నెలల తర్వాత, 1973 సెప్టెంబరు 11న, సైన్యం ఆయన ప్రభుత్వాన్ని కూల్చింది. ఆ నియంతృత్వంలో 3,000 మందికి పైగా చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. చిత్రహింసలు అనుభవించినవారు పదుల వేలల్లో ఉన్నారు.

ఒక్క ఉదంతం చెప్పి చిలీని వదులుతాను, ఎందుకంటే పత్రిక అబద్ధానికి పనిముట్టుగా మారితే ఏమవుతుందో దీనికంటే బాగా చూపించేది లేదు. 1975 జూలైలో చిలీ పత్రికలు ఒక వార్త వేశాయి. కనిపించకుండా పోయారని బంధువులు వెతుకుతున్నవారిలో 119 మంది నిజానికి విదేశాల్లో ఉన్నారని, తమలో తాము కొట్టుకుని చచ్చారని ఆ వార్త సారాంశం. దానికి ఆధారంగా చూపినది ఒక అర్జెంటీనా పత్రిక, ఒక బ్రెజిల్ పత్రిక. ఆ అర్జెంటీనా పత్రిక ఈ పేర్లు వేసిన ఒకే ఒక్క సంచికతో పుట్టి, దానితోనే పోయింది. ఆ 119 మందీ చిలీ రహస్య పోలీసుల చేతుల్లో మాయమైనవారు. ఆ పేర్ల జాబితాలో కొడుకు పేరు, కూతురి పేరు వెతుక్కున్న తల్లిదండ్రులున్నారు. ఎల్ మెర్కురియో సంస్థల పత్రికలు ఆ అబద్ధాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేశాయి. 2015లో చిలీ పాత్రికేయ సంఘం ఎడ్వర్డ్స్‌ను తన సభ్యత్వం నుంచి బహిష్కరించింది. ఆ తల్లిదండ్రుల్లో చాలామంది ఆ రోజు చూడకుండానే వెళ్లిపోయారు.

ఇదంతా చెప్పినప్పుడు వచ్చే ఒక అభ్యంతరం గంభీరమైనది. ఇవన్నీ బయటపడ్డాయి కదా, సెనేట్ విచారణ జరిపింది కదా, పత్రికలే రాశాయి కదా, అంటే వ్యవస్థ తనను తాను సరిదిద్దుకుంటున్నట్టే కదా అని. సెనేట్ విచారణల విలువ నేను తగ్గించను, అవి లేకపోతే ఈ రోజు నా చేతిలో ఈ వివరాలు ఉండేవి కావు. శిక్షల దగ్గరకు వస్తే మాత్రం లెక్క వేరు. చిలీ విషయంలో సెనేట్‌కు పూర్తి నిజం చెప్పనందుకు 1977లో హెల్మ్స్‌కు 2,000 డాలర్ల జరిమానా, అమలు కాని జైలు శిక్ష పడ్డాయి. ఇద్దరు ఐటీటీ అధికారుల మీద అబద్ధపు సాక్ష్యం అభియోగాలు పెట్టి, విచారణ సాగితే ప్రభుత్వ రహస్యాలు బయటకొస్తాయన్న భయంతో 1979లో ఎత్తేశారు. టెలిగ్రాములు అప్పగించినందుకు ఏ కంపెనీ అధికారీ బోనెక్కలేదు. నేరం వెలుగులోకి రావడాన్నే శిక్షగా లెక్కగట్టి సంతృప్తిపడితే, తర్వాతి నేరానికి అది ముందస్తు అనుమతి అవుతుంది.

అదే తీరు అంతకుముందూ ఆ తర్వాతా కనబడుతుంది. 1964 ఆగస్టు 4న వియత్నాం తీరంలోని టోంకిన్ గల్ఫ్‌లో తమ ఓడల మీద రెండోసారి దాడి జరిగిందని అమెరికా ప్రభుత్వం చెప్పింది. ఆ దాడి జరగనే లేదు. మూడు రోజుల్లో దిగువసభ 416-0తో, సెనేట్ 88-2తో అధ్యక్షుడికి యుద్ధాధికారం కట్టబెట్టాయి. 2002 సెప్టెంబరు 8న ఇరాక్ అణ్వాయుధం కోసం అల్యూమినియం గొట్టాలు కొంటోందని న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో రాసింది. ఆ సమాచారం ప్రభుత్వ వర్గాల నుంచి వచ్చినదే. అదే రోజు ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టీవీలో కూర్చుని, పత్రికే రాసిందని ఆ వార్తనే సాక్ష్యంగా చూపించారు. ప్రభుత్వం చెవిలో చెప్పినది పత్రికలో వార్తగా మారి, పత్రికలో వచ్చినది ప్రభుత్వ వాదనకు రుజువుగా తిరిగి వచ్చింది. ఆ రోజుల్లోనే నైట్ రిడర్ అనే వార్తాసంస్థ విలేకరులు కింది స్థాయి అధికారులతో మాట్లాడి, ఈ ఆధారాలు బలహీనంగా ఉన్నాయని వరసగా రాశారు. వారి కథనాలు యుద్ధాన్ని ఆపలేకపోయాయి. టైమ్స్ 2004 మే 26న తన కథనాల్లో లోపాలున్నాయని సంపాదకుల పేరున ఒప్పుకుంది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది.

ఇక్కడ మన పక్షం వారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. యాజమాన్యం ఒక్కటే సమస్త అబద్ధాలకూ మూలమని అనుకుంటే చరిత్ర మనల్ని తప్పు పడుతుంది. 1932-33లో సోవియట్ ఉక్రెయిన్‌లో లక్షలాది మంది ఆకలితో చనిపోతున్నప్పుడు, మాస్కోలో న్యూయార్క్ టైమ్స్ విలేకరిగా ఉన్న వాల్టర్ డ్యురాంటీ కరువు లేదని రాశాడు. గరెత్ జోన్స్ అనే వేల్స్ యువ పాత్రికేయుడు పల్లెల్లో నడిచి తిరిగి, రొట్టె లేదని, చచ్చిపోతున్నామని రైతులు చెప్పినది చెప్పినట్టు రాస్తే, డ్యురాంటీ ఆయన మాట కొట్టిపారేశాడు. అక్కడ అతని మీద ఒత్తిడి తెచ్చింది వాటాదారులు కాదు, ప్రకటనదారులు కాదు. అధికారానికి దగ్గరగా ఉండే అవకాశం పోగొట్టుకోకూడదన్న తాపత్రయం ఒక్కటే చాలింది. ఆనాడు ఎందరో వామపక్షీయులు జోన్స్‌ను కాదని డ్యురాంటీని నమ్మారు, ఎందుకంటే వారికి వినాలని ఉన్నది అతను రాశాడు. ఈనాడు కూడా వాషింగ్టన్‌ను అనుమానించే చేత్తోనే మాస్కో, బీజింగ్ ప్రకటనలను కళ్లకద్దుకునేవారు మనలో ఉన్నారు. అమెరికా బాంబుల కింద చనిపోయిన ఇరాకీ బిడ్డకు, రష్యా బాంబుల కింద చనిపోయిన ఉక్రెయిన్ బిడ్డకు వేర్వేరు కొలతలు పెట్టే వామపక్షం నాకు అక్కర్లేదు.

అలాగే సందేహానికీ కుట్ర కథలకూ తేడా తెలియాలి. కుట్ర కథ చెప్పేవాడికి ఏ ఆధారం చూపినా అది కూడా కుట్రలో భాగమే అవుతుంది. నేను చెప్పిన ఐటీటీ చరిత్రలో ప్రతి మెట్టు దగ్గరా ఒక మెమో, ఒక ప్రమాణ సాక్ష్యం, ఒక ఖాతా లెక్క ఉన్నాయి. అవి తప్పని ఎవరైనా పత్రంతో చూపిస్తే నా అభిప్రాయం మార్చుకోవాలి. దీనికి చీకటి గదుల్లో కూర్చున్న పెద్దలెవరో అక్కర్లేదు. ఎవరి ఆస్తి ఎక్కడుందో, ఎవరి జీతం ఎవరి చేతిలో ఉందో చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

ఇక మన కాలానికి వద్దాం. 2013 మార్చిలో, లక్షలాది అమెరికన్ల సమాచారాన్ని ఎన్ఎస్ఏ సేకరిస్తోందా అని సెనేటర్ రాన్ వైడెన్ బహిరంగంగా అడిగితే, నిఘా విభాగాల అధిపతి జేమ్స్ క్లాపర్ లేదన్నారు. మూడు నెలల్లోపే, ఎన్ఎస్ఏలో కాంట్రాక్టు ఉద్యోగిగా పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ అందించిన పత్రాల్లోంచి గార్డియన్ పత్రిక ఒక కోర్టు ఉత్తర్వును ప్రచురించింది. ఒక పెద్ద టెలిఫోన్ కంపెనీ తన ఖాతాదారుల కాల్ వివరాలన్నీ రోజూ ఎన్ఎస్ఏకు ఇవ్వాలన్నది అందులో ఉంది. క్లాపర్‌పై ఏ అభియోగమూ లేదు. అంతకుముందు, వారంటు లేని నిఘాకు సహకరించిన టెలిఫోన్ కంపెనీల మీద పౌరులు వేసిన దావాలు కొట్టుకుపోయేలా 2008లో చట్టమే చేశారు. 1947లో ఫారెస్టల్ నోటిమాటగా ఇచ్చిన హామీ, 2008 వచ్చేసరికి చట్టసభ ఓటుతో రక్షణగా మారింది. ఈ ఒక్క పోలిక వల్లే ఈ ప్రసంగానికి ఐటీటీని ఎంచుకున్నాను.

అయితే అప్పటికీ ఇప్పటికీ మారినది ఒకటుంది. అప్పుడు ప్రభుత్వం కంపెనీల దగ్గరకు వెళ్లి అడుక్కోవలసి వచ్చేది. ఇప్పుడు సమాచార సేకరణే కంపెనీల వ్యాపారం. 2023లో ఫేస్‌బుక్ యజమాని మెటా ఆదాయంలో 95 శాతానికి పైగా ప్రకటనల మీద వచ్చినదే. ఆ ప్రకటన ఎలా అమ్ముడవుతుందో చూడండి. మీరు ఫోన్‌లో ఒక వార్తాపత్రిక పేజీ తెరిచారు. పేజీ పూర్తిగా కనబడేలోపు, సెకనులో పదో వంతు కాలంలో, అందులోని ప్రకటన స్థలానికి వేలంపాట జరిగిపోతుంది. పాడేవారందరికీ ముందుగా మీ గురించి ఒక వివరణ వెళుతుంది: మీరు చదువుతున్న పేజీ చిరునామా, మీ ఫోన్ రకం, మీరున్న ప్రాంతం, ఆ ఫోన్‌కు ఉన్న ప్రకటన గుర్తింపు సంఖ్య, మీ ఆసక్తులుగా ఎవరో అంచనా కట్టినవి. పాట గెలిచేది ఒక్కరే. కానీ ఓడినవారందరి చేతికీ ఆ వివరణ అంది ఉంటుంది. దాన్ని దాచుకుని, మరికొన్నిటితో కలిపి అమ్ముకునే దళారులు ఇందులోంచే పుట్టుకొచ్చారు. నిఘా మీద మంచి పరిశోధనా కథనం వేసిన పత్రిక కూడా, ఆ కథనం చదువుతున్నవాడి వివరాలను ఇదే వేలానికి పెడుతుంది. అలా పెట్టకపోతే ఆ విలేకరికి జీతం ఇవ్వలేని స్థితికి పత్రికలను నెట్టారు. విలేకరిని తప్పుపట్టి లాభం లేదు.

2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ బయటపెట్టిన సంగతి చాలామంది మరిచిపోయారు. ప్రార్థన వేళలు, ప్రార్థనకు ఏ దిక్కు తిరగాలో చెప్పే ముస్లిం ప్రో అనే యాప్ నుంచి, వాడేవారు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే దళారి కంపెనీకి చేరేది. ఎక్స్-మోడ్ కొనుగోలుదారుల్లో రక్షణ కాంట్రాక్టర్లు ఉన్నారు, వారి ద్వారా ఆ సమాచారం అమెరికా సైన్యానికి అందేది. వార్త రాగానే యాప్ ఆ కంపెనీతో సంబంధం తెంచుకుంది. ఆ కంపెనీ సున్నితమైన చోట్ల సమాచారం అమ్మకుండా వ్యాపార నియంత్రణ సంస్థ 2024 జనవరిలో ఆంక్ష పెట్టింది. మెటాడేటా, అంటే సందేశంలోని మాటలు కాకుండా ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎక్కడి నుంచి అన్న వివరాలు, ఆధారంగా మనుషుల్ని చంపుతామని సీఐఏ, ఎన్ఎస్ఏ రెండింటికీ అధిపతిగా పనిచేసిన మైఖేల్ హేడెన్ 2014లో ఒక బహిరంగ చర్చలో చెప్పారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రకటనల వ్యాపారమూ విదేశాంగ విధానమూ ఎక్కడ కలుస్తున్నాయో వేరుగా చెప్పనక్కర్లేదు. దిక్కు చూసుకుని మోకరిల్లినవాడికి, తన ప్రార్థన స్థలం ఒక అమ్మకపు సరుకైందని తెలిసే దారి లేదు.

ఫోన్ ఎక్కడెక్కడ ఉందో తెలిపే రికార్డులు కంపెనీ నుంచి తీసుకోవాలంటే పోలీసులకు వారంటు ఉండాలని 2018లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తీర్పు చెప్పింది. అది మంచి తీర్పు. కానీ బజారులో డబ్బిచ్చి కొంటే వారంటు అక్కర్లేదని ప్రభుత్వ సంస్థలు అర్థం చెప్పుకున్నాయి. అమెరికన్ల ఇంటర్నెట్ వాడకానికి సంబంధించిన సమాచారాన్ని ఎన్ఎస్ఏ వారంటు లేకుండా కొంటోందని 2024 జనవరిలో రాన్ వైడెన్ బయటపెట్టిన లేఖల్లో ఆ సంస్థే అంగీకరించింది. అడిగి తీసుకుంటే రాజ్యాంగం అడ్డొస్తుంది, కొనుక్కుంటే అడ్డురాదు. మార్కెట్‌ను స్వేచ్ఛకు కోట అని చెప్పేవారు దీనికి జవాబు చెప్పాలి.

సెట్టింగులు మార్చుకోవద్దని నేను అనను. సందేశాలు చివరిదాకా తాళం వేసి వెళ్లే యాప్‌లు వాడండి, ముఖ్యంగా కార్మిక సంఘాల్లో, ఉద్యమాల్లో పనిచేసేవారు తప్పకుండా వాడండి. కానీ ఒక్కొక్కరం మన తలుపు వేసుకున్నంత మాత్రాన వేలంపాట ఆగదు. కొనుగోలుకు కూడా వారంటు కావాలన్న బిల్లును అమెరికా దిగువసభ 2024 ఏప్రిల్ 17న 219-199తో ఆమోదించింది. సెనేట్ దాన్ని ఓటింగుకే తీసుకోలేదు. అంతకు ఐదు రోజుల ముందు, విదేశీయుల మీద నిఘాలో పట్టుబడిన అమెరికన్ల సందేశాలు వెతకాలన్నా వారంటు ఉండాలన్న సవరణ అదే దిగువసభలో 212-212తో సమానమై వీగిపోయింది. ఆ తర్వాత నిఘా చట్టాన్ని, అందులో సహకరించవలసిన కంపెనీల పరిధిని మరింత విస్తరించి, రెండేళ్లకు పొడిగించారు. ఆ సవరణకు ఓటేసినవారిలో రెండు పార్టీల సభ్యులూ ఉన్నారు. ఓడించినవారిలోనూ రెండు పార్టీల సభ్యులూ ఉన్నారు, వామపక్షం తనవారనుకునే డెమోక్రాట్లు 100 మందికి పైగా ఓడించినవారి వైపే నిలిచారు. కాబట్టి ఈ విషయంలో ఎవరు మనవారో పార్టీ పేరు చూసి కాకుండా ఆ రోజు ఓటు చూసి తేల్చుకోవాలి, ఆ బిల్లునూ సవరణనూ తిరిగి సభ ముందుకు తేవడానికి మనకు నచ్చని పార్టీల వారితోనైనా కలిసి పనిచేయాలి. దానితోపాటు, వార్తాసంస్థల యజమానులకు ప్రభుత్వంతో, సైన్యంతో ఏయే కాంట్రాక్టులున్నాయో ఆ సంస్థలు తమ పాఠకులకు ఏటా ప్రకటించేలా చట్టం కావాలని నేను కోరుతున్నాను. నికొలస్ జాన్సన్ 1967లో అడిగిన ప్రశ్నకు ఇంతవరకు ఏ చట్టసభా సమాధానం ఇవ్వలేదు.